పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాక కూడా ఆడకుక్క హీట్‌కి (ఎదకి) వస్తోందంటే

అండాశయం ముక్క ఏదో లోపల మిగిలిపోయి ఉంటుంది. పోయినేడు ఆపరేషన్ అయిన కుక్కకి ఇప్పుడు యోని దగ్గర వాపు, ఎర్రటి చుక్కలు, గేటు దగ్గర మగకుక్కల గుంపు కనిపిస్తే, ముందు అనుమానించాల్సింది అదే. కుడివైపు అండాశయం కాస్త లోతుగా ఉంటుంది, ఆపరేషన్‌లో డాక్టర్ చేతికి సరిగ్గా అందదు.

1. ఈ లక్షణాలు ఉండగానే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. చాలామంది పొరబడేది ఇక్కడే. రక్తం ఆగాక వెళ్తారు, స్లైడ్‌లో ఏమీ కనిపించదు, "బాగానే ఉంది" అని పంపేస్తారు. ఇప్పుడైతే యోని నుంచి దూదిపుల్లతో స్రావం తీసి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. కణాలు ఎక్కువగా కోణాలు తేలి, పొలుసుల్లా ఉంటే ఈస్ట్రోజన్ (హీట్ తెచ్చే హార్మోన్) ఉన్నట్టే.

2. హీట్ తగ్గిన రెండు మూడు వారాలకు ప్రొజెస్టిరాన్ (హీట్ తర్వాత అండాశయం విడుదల చేసే హార్మోన్) రక్తపరీక్ష. మిల్లీలీటరుకు 2 నానోగ్రాములు దాటితే అండాశయం పనిచేస్తోందని అర్థం.

3. రెండో ఆపరేషన్ ఆ సమయంలోనే చేయించండి. ముక్క ఉబ్బి ఉంటుంది, వెతకడం తేలిక.

ఇంట్లో ఎవరైనా ఈస్ట్రోజన్ క్రీమ్ వాడుతున్నారా? కుక్క ఆ చర్మం నాకినా ఇలాగే అవుతుంది. ఇది డాక్టర్‌కి తప్పక చెప్పండి.

హీట్ ఆపే ఇంజెక్షన్ మాత్రం వద్దు. రొమ్ము గడ్డల రిస్క్ ఉంది.

గర్భసంచి తీసేసి ఉంటే పిల్లల టెన్షన్ లేదు, అయినా మగకుక్కల్ని దగ్గరికి రానివ్వకండి. చీములా, వాసనగా కారినా, తిండి మానేసినా అదే రోజు చూపించండి.