పాట ఊపుకా, అడుగుకా?

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్నాను. 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలి, నాకు 8:40 పడుతోంది. రోజూ మంచి మాస్ పాటలు పెట్టుకునే పరిగెడతా ఉన్నాను. మొదటి రౌండ్ ఎగిరిపోతాను, మూడో రౌండ్‌కి డొక్క పట్టేస్తోంది. ఏ పాటలు మంచివి?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: పాటలు బాగానే ఉన్నాయి, అన్ని పరుగులకీ అవే పెట్టడమే తప్పు. 8 నిమిషాలంటే 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకి 2 నిమిషాలు. హోరుకి రెచ్చిపోయి మొదటి రౌండ్ 1:40కే తిరిగితే, ఆ 20 సెకన్లూ మూడో రౌండ్‌లో వడ్డీతో సహా కట్టుకోవాల్సిందే.

ముందు మీ అడుగులు లెక్కపెట్టండి. వేగం కుదురుకున్నాక 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు నేల తాకిందో చూసి నాలుగుతో హెచ్చించండి. 41 వస్తే నిమిషానికి 164 అడుగులు. ఇప్పుడు పాట వింటూ 15 సెకన్లలో ఎన్ని తాళం దెబ్బలు పడుతున్నాయో లెక్కపెట్టి, దాన్నీ నాలుగుతో హెచ్చించండి. 164 దెబ్బల పాటే కావాలని లేదు. 82 దెబ్బల పాటైనా సరే, దెబ్బకి రెండడుగులు వేయండి. 'తకిట తకిట' అని నడిచే పాటకైతే 'త' దగ్గర ఒక్కో అడుగు.

అడుగులు పెంచాలనుకుంటే ఒకేసారి 180కి దూకొద్దు, పిక్కలు పట్టేస్తాయి. 164 నుంచి 170కి రండి, రెండు మూడు వారాలు అక్కడే ఉండండి. ఇష్టమైన పాట కాస్త నెమ్మదిగా ఉంటే, శ్రుతి మారకుండా వేగం పెంచే యాప్‌లున్నాయి. నాలుగైదు శాతం వరకూ తేడా తెలియదు, పది దాటితే గొంతు ఎబ్బెట్టుగా ఉంటుంది.

మన సినిమా పాటలతో ఒక చిక్కుంది. పల్లవికి ముందు ఆలాపన, చరణానికి ముందు వయొలిన్లు, అక్కడ తాళం మాయం. కాలు కూడా అక్కడే జారుతుంది. ఆ ముక్కలు కత్తిరించి, పాటలు డౌన్‌లోడ్ చేసి వరసగా పెట్టుకోండి. షఫిల్ వద్దు. ఆన్‌లైన్‌లో పెడితే సరిగ్గా ఊపందుకున్నప్పుడే సబ్బు ప్రకటన వస్తుంది.

తేలిక పరుగు రోజున, అంటే పక్కవాడితో మాట్లాడుతూ పోగలిగే వేగానికి, తాళంతో పనే లేదు. పాత మెలొడీలు పెట్టండి, మాస్ పాట ఆ రోజు శత్రువు. 20 నిమిషాలు ఒకే వేగంతో పరిగెత్తే రోజున మాత్రం అడుగుకి సరిపోయే పాటలు కావాలి. ఇక 400 మీటర్ల రిపీట్లకు, అంటే ఒక రౌండ్ వేగంగా కొట్టి, కాస్త ఆగి మళ్లీ కొట్టే పరుగులకు, పాట తీసేయండి. బ్రిటన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరాజియోర్గిస్ ఏళ్ల తరబడి దీనిమీదే పరిశోధించారు: తేలిక, మధ్యస్థ శ్రమలో పాట అలుపు తెలియనివ్వదు, ఊపిరి అందనంత శ్రమలో ఆ పని పెద్దగా చేయలేదు. పైగా ఈవెంట్ రోజున చెవిలో పాట ఉండదు. 2 నిమిషాల రౌండ్ ఎలా ఉంటుందో ఒంటికే తెలియాలి. మాస్ పాటలు వార్మప్‌లో వినండి, అక్కడ అవి అమృతం.

ప్రశ్న: రోడ్డు మీద కుదిరిన పాట కొత్తపట్నం బీచ్‌లో కుదరడం లేదు. ఎందుకు?
- ఒంగోలు పాఠకురాలు

జవాబు: పొడి ఇసుకలో కాలు దిగబడి, పైకి లేవడానికి ఎక్కువసేపు పడుతుంది. పాట ఆగదు కదా! అలలు వెనక్కి తగ్గిన తర్వాత గట్టిపడిన తడి ఇసుక మీద పరిగెత్తి, అక్కడే అడుగులు మళ్లీ లెక్కపెట్టుకోండి. బీచ్ పాటల జాబితా వేరేగా ఉండాలి. పొడి ఇసుకలో దిగిన రోజు పాట ఆపేయడమే మేలు. ఉక్కపోత ఎక్కువైతే అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. పాట లాగుతోంది కదా అని వెంట పడకండి. సముద్రం హోరుకి పోటీగా సౌండ్ కూడా పెంచొద్దు.

ప్రశ్న: హైవే పక్కన ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: హైవే పక్కన అసలొద్దు. ఊళ్లో రోడ్డైతే కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా పరిగెత్తండి. బండ్లు మీ ఎడమచేతి వైపు ఉంటాయి గనుక ఎడమ చెవి ఖాళీగా ఉంచి, కుడి చెవికి ఒక్కటే పెట్టుకోండి. సౌండ్ సగం మించకూడదు. ఫోన్‌లో మోనో ఆడియో ఆన్ చేస్తే రెండు వైపుల సంగీతమూ ఒకే చెవికి వస్తుంది. లేకపోతే డప్పు ఒక చెవిలో, గొంతు ఇంకో చెవిలో ఉన్న పాటల్లో మీకు కావాల్సిన డప్పే వినపడకుండా పోతుంది.