యాంటీబాడీ గురిపెట్టిన ప్రొటీన్‌ను ఎలా పట్టుకుంటారు?

విజయనగరంలో చేయించిన పరీక్షలో ‘ఏఎన్ఏ పాజిటివ్’ (అంటే సొంత కణాల కేంద్రకంలోని వాటికే అంటుకునే యాంటీబాడీలు ఉన్నాయని) వచ్చింది, మరి ఏ ప్రొటీన్ మీద అని అడిగారు. ఆ పరీక్ష అంత దూరం చెప్పదు. కణాల్లో మెరుపు కనిపించే తీరును బట్టి ఒక ఊహ ఇస్తుంది, అంతే. ఎస్‌ఎం, రో వంటి తెలిసిన ప్రొటీన్లకు విడిగా పరీక్షలున్నాయి.

అసలు చిక్కు తెలియని ప్రొటీన్‌తోనే. కళింగపట్నం తీరంలో వల లాగినట్టే ఉంటుంది ఆ పని. రోగి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం)లోని యాంటీబాడీలను సన్నని పూసలకు అంటించి, చితక్కొట్టిన కణాల రసంలో కలుపుతారు. చిక్కినదాన్ని కడిగి, ముక్కలు చేసి, అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో గుర్తుపడతారు. వలలో నాచు కూడా పడుతుంది కదా, అందుకే ఆరోగ్యవంతుల సీరంతోనూ పోల్చి చూడాలి. నా లెక్కలో సగం పని అదే.

అన్నిసార్లూ వల వేయక్కర్లేదు; ఫలానా ప్రొటీన్ అని అనుమానం ఉంటే నేరుగా దాన్నే పరీక్షించవచ్చు. కంటి నరాన్నీ వెన్నుపామునూ దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా జబ్బులోని యాంటీబాడీ సంగతి 2004లో వెల్లడైంది. దాని గురి ఆక్వాపోరిన్-4 అనే ప్రొటీన్ అని 2005లో తేలింది. ఆ ప్రొటీన్‌ను కణాల్లో ప్రత్యేకంగా పుట్టించి, యాంటీబాడీ అంటుకుంటుందో లేదో చూశారు.