పాత కారుకు టర్బో బిగించవచ్చా?

ప్రశ్న: నా దగ్గర పన్నెండేళ్ల నాటి పెట్రోలు కారు ఉంది. దానికి నా చేతులతోనే టర్బో బిగించడం నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: టర్బోను బిగించడం కన్నా, దానిని తట్టుకునేలా ఇంజనును సిద్ధం చేయడమే అసలు పని. టర్బోలో, సైలెన్సరు గుండా వృథాగా పోయే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పగా, అదే ఇరుసు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యుకి 1905 నాటి పేటెంటులోని ఆలోచన ఇదే. ఈ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు కనుక, ఆయిలు సరిగా అందకపోతే బేరింగులు పాడవుతాయి. ఒత్తిడికి గాలి వేడెక్కుతుంది కాబట్టి, దానిని చల్లబరిచే ఇంటర్‌కూలరు కావాలి. టర్బో లేని మామూలు పెట్రోలు ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండరులోని గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పిస్టను ఎన్ని రెట్లు కుదిస్తుందో ఆ లెక్క, ఎక్కువగా ఉంటుంది. అందులోకి అదనపు గాలిని నెడితే, స్పార్కు మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకొని, పిస్టన్లు దెబ్బతినవచ్చు. పెట్రోలును చిమ్మే ఇంజెక్టర్లను, ఇంజను కంప్యూటరును కూడా మార్చక తప్పదు.

పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. మీ ఉత్సాహం మెచ్చదగినదే. అయితే ముందుగా తుక్కు దుకాణంలో ఒక పాత టర్బో డీజిల్ ఇంజను కొని, విప్పి బిగించి చూడండి.