సందేహాలు – సమాధానాలు: ‘నేను వాళ్ళ ఫ్యాన్స్‌ని’ అనవచ్చా?

సందేహం: మా అమ్మాయి విజయనగరంలో డిగ్రీ చదువుతోంది. కొరియా పాటల బృందం బీటీఎస్ అంటే ప్రాణం. కాలేజీ గోడపత్రికకు ఆ బృందం మీద వ్యాసం రాసింది. అందులో ‘నేను బీటీఎస్ ఫ్యాన్స్‌ని’, ‘డైనమైట్ పాట వీడియోను ఒక్క రోజులో 101 కోట్ల మంది వీక్షించారు’, ‘ఆర్మీ ఫ్యాన్‌డమ్ స్ట్రీమింగ్స్‌లు చేసి లిరిక్స్‌లను వైరల్ చేసింది’ అని ఉంది. ‘ఫ్యాన్స్’ కొట్టేసి ‘అభిమాని’ అని దిద్దితే, ‘సంస్కృతంలో అభిమాని అంటే గర్విష్ఠి కదా’ అని ఎదురడిగింది. ఇంటర్నెట్ వచ్చాక పాటల చుట్టూ పుట్టిన ఈ మాటల్లో వేటిని ఉంచాలి, వేటిని దిద్దాలి? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: అమ్మా, మీ అమ్మాయి విన్నది నిజమే. సంస్కృతంలో అభిమానానికి ముందు వరసలో ఉన్న అర్థం గర్వం. సాంఖ్యమనే మన పాత తత్వశాస్త్రంవాళ్ళు అహంకారానికి చెప్పిన లక్షణమే అభిమానం. అంటే దేన్నయినా ‘ఇది నేను, ఇది నాది’ అనుకోవడం. ఆ ‘నాది’ దగ్గరే మాట రెండుగా చీలింది. తనను గురించి అలా అనుకుంటే గర్వం, ఎదుటివాళ్ళను గురించి అనుకుంటే ప్రేమ. తెలుగులో రెండూ వాడుకలో ఉన్నాయి. ‘అభిమానం చంపుకొని అప్పు అడిగాడు’ అన్నచోట మొదటిది, ‘మన ఊరివాడని అభిమానం’ అన్నచోట రెండోది. దుర్యోధనుణ్ణి అభిమానధనుడు అన్నప్పుడు ఎవరికీ సినిమా హాలు గుర్తుకు రాదు, అభిమాన సంఘం అన్నప్పుడు ఎవరికీ గర్వం గుర్తుకు రాదు. పక్కనున్న మాట అర్థాన్ని తేల్చేస్తుంది కాబట్టి మీరు దిద్దినదే సరి.

ఇంకో మాట కూడా చెప్పండి. ఇంగ్లీషు ‘ఫ్యాన్’ అన్నది ‘ఫెనాటిక్’ అనే మాటకు కురచ రూపమని ఎక్కువమంది నిఘంటుకారుల అభిప్రాయం. దాని వెనక లాటిన్‌లో గుడి ఉంది, గుడి దగ్గర పూనకం వచ్చిన మనిషి ఉన్నాడు. మన మాటలో ఉన్నది పూనకం కాదు, ‘నాది’ అనే భావం. ఇంటర్నెట్ కాలపు అభిమానికి ఈ రెండోదే బాగా అతుకుతుంది. రేడియో రోజుల్లో పాట వినేవాడు శ్రోత. ఉత్తరం రాసి పాట కోరడంతో అతని పని అయిపోయేది. ఇవాళ అదే మనిషి పాటకు ఉపశీర్షికలు రాస్తాడు, అర్థం చెబుతాడు, లెక్క పెంచుతాడు, తగవుకు కూడా దిగుతాడు. పాటను తన సొత్తనుకుంటాడు. ఆ సొత్తు భావం హద్దు దాటి అవతలి గాయకుణ్ణి తిట్టేదాకా పోతే దానికీ మనకు మాటుంది, దురభిమానం.

ఇక ‘ఫ్యాన్స్‌ని’. ఇది తప్పు. ‘ఫ్యాన్స్’ చివర ఉన్న ‘స్’ ఇంగ్లీషు బహువచనం. ‘నేను’ ఏకవచనం. ‘నేను అభిమానిని, నువ్వు అభిమానివి, మేం అభిమానులం’ అన్నట్టే ‘నేను ఫ్యాన్‌ని, నువ్వు ఫ్యాన్‌వి’ అనాలి. బహువచనానికి వచ్చేసరికి ‘మేం ఫ్యాన్స్‌మి’ అని అతికించడం కన్నా ‘మేం అభిమానులం’ అనడం నోటికి హాయి.

ఈ మాట విషయంలో జనం ఒక చక్కని ఏర్పాటు చేసుకున్నారు. గాలి విసిరేది ‘ఫ్యాను’, దాని బహువచనం ‘ఫ్యాన్లు’. మనిషి ‘ఫ్యాన్’, బహువచనం ‘ఫ్యాన్స్’. ‘గదిలో రెండు ఫ్యాన్లు ఉన్నాయి’, ‘హాలు బయట ఫ్యాన్స్ ఉన్నారు’. క్రియ ఎలాగూ మనిషినీ వస్తువునూ వేరు చేస్తుంది. అయినా నామవాచకంలోనే తేడా నిలుపుకున్నారు. అందుకే ‘ఫ్యాన్స్’ను తెలుగు ప్రత్యయం లేదని పూర్తిగా కొట్టేయమని చెప్పను. అది స్థిరపడిన బహువచనం. ఏకవచనానికి వాడితేనే చిక్కు. ‘ఒక రీల్స్ చేశాను’ అనడంలోనూ ఇదే పొరపాటు.

‘అభిమాని’, ‘అభిమాన’ ఈ రెండింటి దగ్గర కూడా జాగ్రత్త చెప్పండి. ‘నా అభిమాన గాయని’ అంటే నేను అభిమానించే గాయని. ‘నా అభిమాని’ అంటే నన్ను అభిమానించే మనిషి. ‘నా అభిమాని గాయకుడు’ అని రాస్తే ఆ గాయకుడే మీ అమ్మాయి మీద ప్రేమ పెంచుకున్నట్టు అర్థం తిరగబడుతుంది.

వ్యాసంలో అన్నిటికన్నా పెద్ద తప్పు అంకెలో ఉంది. దీన్ని పత్రికల్లో చదువుకున్నవాళ్ళు కూడా చేస్తున్నారు. డైనమైట్ వీడియో 2020 ఆగస్టులో వచ్చింది. మొదటి 24 గంటల్లో యూట్యూబులో దాని లెక్క 101.1 మిలియన్. మిలియన్ అంటే 10 లక్షలు. కనుక మిలియన్లను కోట్లు చేయాలంటే 10తో భాగించాలి. 101.1ని 10తో భాగిస్తే 10.11, అంటే 10 కోట్ల 11 లక్షలు. మీ అమ్మాయి భాగించకుండా ‘మిలియన్’ బదులు ‘కోట్లు’ అని పెట్టేసింది. దాంతో లెక్క పదింతలైంది. బిలియన్ అయితే 100తో గుణించాలి, 1 బిలియన్ 100 కోట్లు. యూట్యూబులో ఆ గీత మొదట దాటింది గ్యాంగ్నమ్ స్టైల్ పాట, 2012 డిసెంబరులో. కామాలు కూడా మారతాయి. ఆ పాట లెక్క పెరిగి పెరిగి 2014లో యూట్యూబు పాత లెక్కింపు పద్ధతి పట్టగలిగిన గరిష్ఠ సంఖ్యకు చేరువైంది, యూట్యూబు లెక్కింపు పద్ధతినే పెంచాల్సి వచ్చింది. ఆ గరిష్ఠ సంఖ్యను మన పద్ధతిలో 2,14,74,83,647 అని రాయాలి, 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 అని చదవాలి. ఇంగ్లీషు పేజీలో మూడేసి అంకెలకు పెట్టిన కామాలను అలాగే దించితే చదివేవాడు తడబడతాడు.

అంకె సరిచేశాక కూడా ‘10 కోట్ల మంది’ తప్పే. ‘మంది’ మనుషులను లెక్కపెట్టే మాట. యూట్యూబు లెక్కపెట్టేది మనుషులను కాదు, చూడటాలను. ఒకే అభిమాని పగలూ రాత్రీ కలిపి ఇరవైసార్లు చూస్తే మనిషి ఒక్కడే. ఇరవైసార్లూ లెక్కకొస్తాయా అన్నది వేరే సంగతి, యంత్రంలా తిప్పిన చూపులను యూట్యూబు ఏరి పారేస్తుంది. కనుక ‘10 కోట్ల 11 లక్షల సార్లు చూశారు’ అనాలి. నామవాచకమే కావాలంటే ‘వీక్షణలు’ అనవచ్చు. ‘వీక్షకులు’ మాత్రం వేరు. ‘వీక్షించారు’ తప్పు కాదు గానీ ‘చూశారు’ ఉండగా ఆ బరువు ఎందుకు?

ఈ ‘మంది’, ‘సార్లు’ తేడా వ్యాకరణానికి సంబంధించిన చాదస్తంగా కనిపించవచ్చు. కాదమ్మా. ఇంటర్నెట్ పాటల లోకంలో తెచ్చిన మార్పు అంతా ఇందులోనే ఉంది. పూర్వం అభిమాని రికార్డు ఒక్కసారి కొనేవాడు, కొన్నప్పుడే లెక్క, తరవాత వెయ్యిసార్లు విన్నా ఇంట్లోనే ఉండిపోయేది. అమెరికాలో బిల్‌బోర్డు సంస్థ 2013 ఫిబ్రవరిలో తన పాటల జాబితా లెక్కలోకి యూట్యూబు వీక్షణలను తెచ్చింది. 2014 డిసెంబరు నుంచి ఆల్బమ్‌ల జాబితాలో అప్పట్లో 1,500 సార్లు ఆన్‌లైన్లో పాట వింటే ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టు లెక్కగట్టింది. ఆన్‌లైన్లో పాటలు వినిపించే స్పాటిఫైలో పాట 30 సెకన్లు నడిస్తే లెక్కలో ఒకటి పడుతుంది. కొనడం ఒకసారి జరిగే పని, వినడం ఎన్నిసార్లయినా జరిగే పని. లెక్క వినడానికి మారేసరికి అభిమానికి రోజూ చేయవలసిన పని దొరికింది. ఊళ్ళ హద్దు కూడా పోయింది. బొబ్బిలిలో కూర్చున్న పిల్ల సియోల్ పాట లెక్కలో చేరింది. 2018లో బీటీఎస్ ఆల్బమ్ బిల్‌బోర్డులో మొదటి స్థానానికి ఎక్కిందంటే ఇలాంటి అభిమానుల పూనిక అందులో ఉంది.

అందుకని ‘స్ట్రీమింగ్’ను ‘ప్రసారం’ అని తెనిగించకూడదు. ప్రసారంలో ఒకరు పంపితే అందరూ ఒకే వేళకు అందుకుంటారు, రేడియోలో లాగ. స్ట్రీమింగులో ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు తెరుచుకుంటారు, ఫైలు మొత్తం దించుకోకుండానే పాట వస్తూ ఉంటుంది. ‘ప్రత్యక్ష ప్రసారం’ అన్నచోట మాత్రం ఆ మాట కుదురుతుంది. ‘వినికిడులు’ అన్న మాట ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. వినికిడి చెవి శక్తికీ, అక్కడక్కడా విన్న కబురుకీ పేరు. పైగా అభిమానులు ‘స్ట్రీమ్ చేద్దాం’ అన్నప్పుడు వాళ్ళ ఉద్దేశం సాంకేతికం కాదు, ‘పదేపదే పెట్టి విందాం’ అని. ఆ సంగతి అలాగే రాస్తే సరిపోతుంది. ఇలాంటిచోట నామవాచకం కోసం వెతకడం కన్నా క్రియ వైపు చూడటం మేలు. తెలుగు బలం అక్కడుంది. సెల్‌ఫోన్ దుకాణంలో మెమరీ కార్డులో పాటలు వేయించుకునే రోజుల్లో ‘అప్‌లోడ్’కు ఎవరూ నిఘంటువు తిప్పలేదు. ‘పాటలు ఎక్కించీసినాడు’ అన్నారు మన ఉత్తరాంధ్రలో. బండికి బస్తా ఎక్కించినట్టే కార్డులోకి పాట ఎక్కింది. తెలుగు వికీపీడియాలో ఫైళ్ళకు ఇవాళ వాడుతున్నదీ ‘ఎక్కింపు’ మాటే. ఎక్కడికి ఎక్కించారో చెబితే సందిగ్ధం ఉండదు: ‘కార్డులో ఎక్కించాను’, ‘యూట్యూబులో ఎక్కించాను’.

‘లిరిక్స్‌లు’లో రెండు బహువచనాలున్నాయి. అసలా మాటే అక్కర్లేదు. మీ అమ్మాయి చదివే ఊళ్ళోనే 1919లో వెలసిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి ప్రిన్సిపాలు, ఘంటసాల, సుశీల అక్కడ చదివారు. సంగీతం నేర్చినవాళ్ళు పాటలోని మాటలను ‘సాహిత్యం’ అంటారు. ‘పాట సాహిత్యం’ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

‘వైరల్’ను నేను తీసేయమనను. వానాకాలం వైరల్ జ్వరాలొచ్చే ఊళ్ళలో ఆ మాట తెలియనివాళ్ళు లేరు, ఒకరినుంచి ఒకరికి అంటుకోవడమనే గుణమూ సరిగ్గా కుదిరింది. ‘వైరల్ అయింది’, ‘వైరల్ చేశారు’ రెండూ బాగున్నాయి. ‘వైరల్‌గా మారింది’ అన్నది వార్తల సాగదీత. కాకపోతే వైరల్ కావడం, నోళ్ళలో నానడం ఒకటి కావు. వీడియో చూసి పదిమందికి పంపితే వైరల్, జనం దాన్ని పాడుకుంటే నోళ్ళలో నానినట్టు. శ్రీకాకుళం జిల్లా గోనెపాడులో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ స్వరాజ్య గీతం 1920ల మొదట్లో నోటినుంచి నోటికి పాకింది, ఆ పాటకు ఆయన జైలుకెళ్ళారు. దాన్ని ‘వైరల్’ అంటే తక్కువ చేసినట్టే. వ్యాసంలో ఏది జరిగిందో చూసి మాట ఎంచుకోమనండి.

ఉంచుకున్న ఇంగ్లీషు మాటలకు బహువచనం ఎలా కట్టాలో కూడా చెబుతాను. ముందు ఇంగ్లీషు ‘స్’ తీసేయండి. హల్లుతో ముగిస్తే ‘ఉ’ చేర్చండి: లైకు, కామెంటు, చానలు, రీలు. అప్పుడు ‘లు’ చేర్చండి. ‘లైకులు’ అలాగే ఉంటుంది. ట, ర చివరుంటే ఆ ‘ఉ’ జారిపోతుంది: కామెంట్లు, ఫాలోయర్లు, షేర్లు. ‘లు’ చివరుంటే కాలు–కాళ్ళు, వేలు–వేళ్ళు దారిలో చానళ్ళు, రీళ్ళు. సినిమాను 14 రీళ్ళు, 16 రీళ్ళు అని కొలిచిన రోజుల నుంచీ ‘రీళ్ళు’ మనదే. ‘వ్యూ’ అచ్చుతో ముగుస్తుంది గనుక నేరుగా ‘వ్యూలు’. మోటుగా ఉందని పిల్లలు ముఖం చిట్లిస్తారేమో. ఉత్తరాంధ్ర జానపదంలో ‘నెక్లెస్’ ‘నక్కిలీసు’ అయింది. కలిసిపోయిన ‘క్ల’ను విడదీసి మధ్యలో ‘ఇ’ పెట్టి, చివర ‘ఉ’ పెట్టి నోరు దాన్ని సొంతం చేసుకుంది. 2020లో పలాస 1978 సినిమాతో ఆ నక్కిలీసు గొలుసు పాట ఫోన్లన్నిటా మోగింది. కుర్రకారు దానికి చిందులేశారే తప్ప మాట మోటుగా ఉందని ఒక్కరూ అనలేదు.

మిగిలింది ‘ఆర్మీ’, ‘ఫ్యాన్‌డమ్’. ఆర్మీ ఆ అభిమానులకున్న పేరు. పేర్లను అనువదించం, ‘సైన్యం’ అని రాయకూడదు. ‘నేను ఆర్మీని’ అని ఒక్కరూ అనుకోవచ్చు. గుంపును చెప్పేటప్పుడు ‘జనం వచ్చారు’, ‘జనం వచ్చింది’ రెండూ ఉన్నట్టే దీనికీ రెండు క్రియలూ చెల్లుతాయి. ‘ఫ్యాన్‌డమ్’కు అభిమానగణం చాలు. అభిమాన సంఘం అంటే అధ్యక్షుడు, చందా, బ్యానరు గుర్తుకొస్తాయి కాబట్టి అది ఇక్కడ పొసగదు.

ఇప్పుడు మీ అమ్మాయి వాక్యాలు ఇలా ఉండవచ్చు: ‘నేను బీటీఎస్ అభిమానిని. 2020 ఆగస్టులో వచ్చిన డైనమైట్ పాట వీడియోను మొదటి 24 గంటల్లో యూట్యూబులో 10 కోట్ల 11 లక్షల సార్లు చూశారు. ఆర్మీ అని పిలుచుకునే అభిమానులు పాటను పదేపదే పెట్టుకుని విన్నారు, దాని సాహిత్యాన్ని దేశదేశాలకూ పాకించారు.’ చివరి మాట దగ్గర ఆమె ‘వైరల్ చేశారు’ అనే ఉంచుతానంటే ఉంచనివ్వండి.