రోడ్డు మీద ఉంటున్న మానసిక రోగికి తిరుపతిలో కాలనీ సంఘం ఏం చేయగలదు?

లీలామహల్ సర్కిల్ దగ్గర ఒకాయన నెలల తరబడి ఫుట్‌పాత్ మీదే ఉంటున్నాడనీ, తనలో తనే మాట్లాడుకుంటున్నాడనీ, కాలనీ వాళ్లంతా చందాలు వేసుకుని షెల్టర్ పెడదామనుకుంటున్నామనీ రాశారు. షెల్టర్ సంగతి ఇప్పుడు వద్దు. తిరుపతిలో అన్నానికి కరువు లేదు. పోలీస్ స్టేషనుంది, రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగముంది, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద నడిచే నిరాశ్రయుల వసతి ఉంది. మనిషి జారిపోయేది ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే మధ్యలో. మీరు పట్టుకోవాల్సింది ఆ మధ్యనే.

ముందు గుర్తుపట్టడం. గుండు, చెప్పుల్లేని కాళ్లు, నేల మీద నిద్ర... ఈ ఊళ్లో వీటికి అర్థమేం లేదు, యాత్రికులూ అలాగే ఉంటారు. వారాలుగా అదే చోటు వదలకపోవడం, ఎండాకాలంలో నాలుగైదు చొక్కాలు తొడుక్కోవడం, పుండు పురుగు పట్టినా పట్టించుకోకపోవడం చూడండి. నిన్నమొన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా తికమకగా మాట్లాడుతుంటే మాత్రం అది వేరే సంగతి. షుగర్ పడిపోవడం, జ్వరం, తలకు దెబ్బ కావచ్చు. రోజూ తాగేవాడికి మందు దొరక్క రెండు మూడు రోజులైతే వణుకు, చెమటలు, లేనివి కనబడటం, ఫిట్స్ వస్తాయి. అది ప్రాణం మీదికొచ్చే స్థితి. 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకే తీసుకెళ్లాలి.

మీరు చెప్పిన మనిషి విషయంలో దారి పోలీసుల గుండానే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 100 ప్రకారం తమ పరిధిలో ఇలా తిరిగే మనిషిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చడం స్టేషన్ అధికారి బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. మిస్సింగ్ ఎఫ్‌ఐఆర్ కట్టి ఇంటివాళ్లను వెతకాల్సిందీ వాళ్లే. నోటిమాటగా చెబితే పని కాదు. ఒక పేజీ అర్జీ ఇవ్వండి: ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఏ లక్షణాలు, ఒంటి మీద గాయాలు, సెక్షన్ నంబరు. రెండో ప్రతి మీద రసీదు ముద్ర వేయించుకోండి. రైల్వే ఆవరణ లోపలైతే జీఆర్‌పీ (రైల్వే పోలీసులు), బయటైతే సివిల్ స్టేషన్. గేటు దగ్గర పడుకున్నవాడి విషయంలో ఈ హద్దు తగాదాతోనే పూట గడిచిపోతుంది, అందుకే ఏ గోడ పక్కనో, ఏ షాపు ముందో స్పష్టంగా రాయండి. అర్జీ తీసుకోకపోతే న్యాయ సేవల నంబరు 15100. మీరే చేతులు కట్టి ఆటోలో వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఆస్పత్రిలో డబ్బు అడ్డం కాదు. నిరాశ్రయులకు ప్రభుత్వ కేంద్రాల్లో చికిత్స ఉచితమని సెక్షన్ 18 చెబుతోంది, రేషన్ కార్డు లేకపోయినా సరే. అడ్డం వచ్చేది తోడుండే మనిషి లేకపోవడం. జనరల్ ఆస్పత్రుల మానసిక వార్డుల్లో రోగి పక్కన ఎవరో ఒకరు ఉండాలంటారు, లేకపోతే చేర్చుకోవడానికి వెనకాడతారు. చందాల కంటే ఇక్కడే మీ కాలనీ పనికొస్తుంది. 8 గంటల షిఫ్టు లెక్కన రెండు వారాలకు 42 షిఫ్టులు, అంటే 14 మంది తలా మూడు. రాత్రి షిఫ్టుకు ముందే పేర్లు రాయించుకోండి, మానేసేది అక్కడే.

మనిషి ఒప్పుకోని స్థితిలో ఉంటే సెక్షన్ 89 కింద చేర్చుకోవచ్చు, గడువు 30 రోజుల వరకే. ఆ తర్వాత ఎక్కడికి? ఈ ప్రశ్న చేర్చిన మొదటి వారంలోనే వేసుకోవాలి. డిశ్చార్జి రోజు షెల్టర్‌కు పరిగెడితే ‘ఇలాంటివాళ్లను పెట్టుకోలేం’ అంటారు. అది కరుణ లేక కాదు, అర్ధరాత్రి గొడవైతే ఎవరిని పిలవాలో తెలియక. కాబట్టి మేనేజరు చేతికి డిశ్చార్జి సమ్మరీ, ఏ మాత్ర ఏ పూటో తెలుగులో రాసిన కాగితం, రాత్రి ఫోనెత్తే ఇద్దరి నంబర్లు, తర్వాతి ఓపీ తేదీ ఇవ్వండి. మాత్రలు తాళం వేసిన పెట్టెలో ఉండాలి, వేసినప్పుడల్లా రిజిస్టరులో టిక్కు పడాలి. మాత్రలు రోజూ వేసుకోని మనిషైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి. తిరిగి రోడ్డెక్కడానికి చాలాసార్లు కారణం జబ్బు ముదరడం కాదు, స్ట్రిప్పు అయిపోవడం.

ఇంటివాళ్ల వెతుకులాట మందులు పనిచేయడం మొదలయ్యాకే సాగుతుంది. ఇక్కడికి తమిళ, కన్నడ, మరాఠీ, ఒడియా మాట్లాడేవాళ్లూ వస్తారు, ఆ భాష వచ్చినవాళ్లను కూర్చోబెట్టండి. ‘మీ ఊరేది’ అంటే చెప్పలేనివాళ్లు కూడా ఊరి గుడి, సంత, ఎక్కే బస్సు గురించి చెబుతారు. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు పెట్టిస్తే పాత ఆధార్ ఉన్నట్టు తేలి, చిరునామా దాకా దారి దొరికిన సందర్భాలు దేశంలో చాలా ఉన్నాయి. దొరికినా ఒంటరిగా రైలెక్కించకండి.

ఇల్లే లేనివాళ్లకు షెల్టరు శాశ్వతం కాదు. చెన్నైలోని ‘ద బాన్యన్’ అనే స్వచ్ఛంద సంస్థ నలుగురైదుగురిని మామూలు వీధిలో అద్దె ఇంట్లో, సహాయకులతో ఉంచే ‘హోమ్ ఎగైన్’ నడుపుతోంది. చందాలు నిజంగా వసూలైతే పెట్టాల్సింది అలాంటి అద్దెకే. సదరంలో (ప్రభుత్వ వైకల్య నిర్ధారణ పరీక్షలో) 40 శాతం వైకల్యం తేలితే ఎన్టీఆర్ భరోసా దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు దరఖాస్తు పెట్టొచ్చు. దానికి ఆధార్ కావాలి, కాబట్టి ఆ పని ముందు.

ఒక మాట. స్నానం చేయించి, జుట్టు కత్తిరించి వీడియో పెట్టే అలవాటు మానుకోండి. ఆస్పత్రిలో బలవంతపు గుండు కూడా కూడదని చట్టం విడిగా రాసింది. లైకులు మీకు, ముఖం ఆయనది.