అల్లరి చేయని పిల్లల్లోనూ ఏడీహెచ్‌డీ ఉంటుందా?

ప్రశ్న: మా పాప మూడో తరగతి చదువుతోంది. అల్లరి చేయదు కానీ, లెక్కలు సగంలో వదిలేస్తుంది, పెన్సిళ్లు తరచూ పోగొట్టుకుంటుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కనిపించే సమస్య) ఏమో చూపించమని టీచర్ అంటున్నారు. కుదురుగా కూర్చునే పిల్లకు అది ఉంటుందా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఉండవచ్చునమ్మా. అల్లరి లేకుండా ఏకాగ్రత లోపం మాత్రమే కనిపించే రూపమూ ఇందులో ఉంది. ముఖ్యంగా ఆడపిల్లల్లో దాన్ని బద్ధకమనో పరధ్యానమనో అనుకుని ఏళ్ల తరబడి వదిలేయడం చాలా బాధాకరం. టీవీ ముందు గంటసేపు కదలకుండా కూర్చుంటుంది కదా అని కొట్టిపారేయకండి. ఇష్టమైన పనిలో లీనం కావడం ఈ పిల్లలకూ సాధ్యమే. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ, ఆ వయసు పిల్లల్లో మామూలుగా ఉండేదానికంటే ఎక్కువగా కనిపిస్తుంటేనే వైద్యులు ఆ దిశగా ఆలోచిస్తారు. ముందుగా చూపు, వినికిడి పరీక్షలు చేయించండి. నిద్ర సరిపోతోందో లేదో గమనించండి. ఏ పనిలో, ఎంతసేపటికి దృష్టి మళ్లుతోందో టీచర్ చేత రెండు వారాలు రాయించి, ఆ కాగితంతో పిల్లల వైద్యుణ్ని గానీ మానసిక వైద్యుణ్ని గానీ కలవండి. సలహా కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఈలోగా పాపను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఒకసారికి ఒక్క పనే చెప్పమని టీచర్‌ను కోరండి.