డైకాస్ట్ కార్లు పాప చదువుకు పెట్టుబడి అవుతాయా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 42 వేలు చేతికొస్తుంది. రోల్స్ రాయిస్, బెంట్లీ, ఫెరారీల డైకాస్ట్ మోడళ్లు, అంటే లోహంతో పోతపోసిన బొమ్మ కార్లు సేకరిస్తాను. నెలకు 6 వేల దాకా పెడుతున్నాను. కొన్ని క్రెడిట్ కార్డు ఈఎంఐల మీద కొన్నాను. 9 వేలకు కొన్న మోడల్‌కు ఇప్పుడు ఆన్‌లైన్‌లో 20 వేలు చెబుతున్నారు. మా పాపకు మూడేళ్లు. ఈ కార్లనే తన చదువుకు పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: వద్దండి. కార్లు ఉంచుకోండి. బానెట్ ఎత్తితే ఇంజిన్ వైర్లు దాకా కనిపించే ఆ పనితనం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పాప చదువు భారం మాత్రం వాటి మీద వేయకండి.

20 వేలు అమ్మేవాళ్లు అడుగుతున్న ధర. ఆ ధరకు ఎవరైనా కొన్నారా? 1:18 మోడళ్లకు, అంటే అసలు కారులో 18వ వంతు సైజువాటికి, అంత డబ్బు పెట్టేవాళ్లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. అక్కడికి పార్సిల్ వెళ్లేలోపు సైడ్ అద్దం విరిగినా, పెట్టె నలిగినా బేరం చెడుతుంది. కంపెనీ అదే కారును మళ్లీ విడుదల చేస్తే పాతదానికి గిరాకీ తగ్గుతుంది. పైగా బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. మీరు చూస్తున్న పెరుగుదలలో కొంత ఈ సుంకం వల్లే అయితే, రేపు సుంకం తగ్గినప్పుడు అదీ పోతుంది.

లోహం సంగతి కూడా ఉంది. ఇవి జింక్ మిశ్రమంతో పోతపోసినవి. అందులో సీసం లాంటి మలినాలు ఎక్కువైతే కొన్నేళ్లకు లోపల్నుంచి పగుళ్లిచ్చి పొడి అవుతుంది. మోడళ్లు సేకరించేవాళ్లు జింక్ పెస్ట్ అనేది దీన్నే. 1930ల నాటి డింకీ బ్రాండ్ బొమ్మ కార్లు చాలా ఇలాగే పాడయ్యాయి. ఇప్పటి తయారీలో ఇది తక్కువే. కానీ తేమ ఈ జబ్బును పెంచుతుంది, మీ వైపు వానాకాలం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టి, తరచూ మారుస్తుండండి.

కొత్త కార్లు ఆపి, ముందు కార్డు బాకీ తీర్చేయండి. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బొచ్చే బీమా, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. తర్వాత పోస్టాఫీసులో పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి నెలకు 3 వేలు కట్టండి. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం. ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. ఇదే రేటు నిలిస్తే 15 ఏళ్లు కట్టినందుకు, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు 16 లక్షల పైమాటే. పాపకు 18 నిండాక చదువుకోసం సగం దాకా తీసుకోవచ్చు. కార్లకు నెలకు 2 వేలు పెట్టుకోండి, అదీ రొక్కంతోనే.

మీ దగ్గరున్నవాటి అసలు విలువ తెలియాలంటే మూడు మోడళ్లు అమ్మి చూడండి. పార్సిల్ ఖర్చు పోగా చేతికొచ్చిందే లెక్క. మిగతావాటి కొన్న ధర, తేదీ నోటుబుక్కులో రాసి మీ ఆవిడకు చూపించండి. ఖాళీ పెట్టెలు పాత సామానువాడికి వేయొద్దని కూడా చెప్పండి. పెట్టె లేని మోడల్‌కు ధర బాగా తగ్గించి అడుగుతారు.